రొయ్యకు కౌంట్ ఉన్నట్టే వీడియోకీ ఉంది: ఫ్రీలాన్స్ పనికి రేటు కట్టేదెలా?

ఫోన్‌లో మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఒక వీడియోకి ఎంత తీసుకుంటావు?"

అదే మనిషి రొయ్యల గురించి మాట్లాడేటప్పుడు "కిలో ఎంత?" అని అడగడు. "ముప్పై కౌంట్ ఎంత పలుకుతోంది?" అంటాడు. కిలోకి 30 తూగే రొయ్యకు ఒక ధర, 100 తూగే రొయ్యకు ఇంకో ధర అని నెల్లూరు జిల్లా తీరమంతా తెలుసు. కౌంట్ అడక్కుండా రేటు చెప్పే వ్యాపారిని రైతు నమ్మడు. వీడియో దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడిగేవాడూ కౌంట్ అడగడు, చెప్పేవాడూ చెప్పడు. "ఇరవై ఐదు వేలు" అని ఒక అంకె గాల్లోకి వదులుతాం. నెల తిరిగేసరికి ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి మనసులో మంట.

నెల్లూరు, ఒంగోలు మధ్య తిరుగుతూ తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. పెళ్లిళ్లతో మొదలుపెట్టి, ఇప్పుడు ఎక్కువగా వ్యాపారాలకు వీడియోలు తీస్తున్నాను. ఇన్నేళ్లలో రేటు మీద వచ్చిందనుకున్న ప్రతి గొడవనూ తవ్వి చూస్తే, అడుగున కనిపించింది పని హద్దు. ఏది పనిలో ఉంది, ఏది లేదు అన్నది ముందు మాట్లాడుకోకపోవడం. రేటు తర్వాతి సంగతి.

మొదట్లో విడవలూరు వైపు ఒక రొయ్యల మేత డీలరుకు వీడియో ఒప్పుకున్నాను. మూడు నిమిషాలు, 25 వేలు. ఒప్పందం అంతే, అదీ టీ కొట్టు దగ్గర. పట్టుబడి, అంటే చెరువులో రొయ్యల్ని వలేసి పట్టడం, చూపించాలన్నాడు. పట్టుబడి తెల్లవారుజామున మూడింటికి మొదలవుతుంది కాబట్టి ముందు రోజు రాత్రే చెరువు గట్టు మీదికి చేరాం. ఆ రాత్రి ధర పడింది. కొనేవాళ్లు లారీ పంపలేదు. రైతు పట్టుబడి రెండు రోజులు వాయిదా వేశాడు. అద్దెకు తెచ్చిన లెన్సు, అసిస్టెంటు కూలీ, కారు అద్దె ఆగవు కదా. ఎట్టకేలకు షూట్ అయింది, ఎడిట్ చేసి చూపించాను. డీలరుకు నచ్చింది. వాళ్లబ్బాయి చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్లలో పెట్టే పళ్లెం) ఎత్తి చూసే షాట్లు కావాలన్నాడు. మళ్లీ వెళ్లాం. ఆ తర్వాత మేత కంపెనీ మేనేజరు చూసి, మేత బస్తా డిజైన్ మారిందని, వీడియోలో ఉన్నది పాత బస్తా అని చెప్పాడు. మళ్లీ వెళ్లాం. చివర్లో "దీన్నే నిలువుగా నాలుగు రీల్స్ చేసి పెట్టు" అన్నారు. మొత్తం 14 రోజుల పని. చేతి నుంచి అయిన ఖర్చు 19 వేలు. మిగిలింది 6 వేలు, అంటే రోజుకు 430 రూపాయల లోపు.

డీలరు చెడ్డవాడు కాదు. డబ్బులు చెప్పిన రోజుకే ఇచ్చాడు. ఆయన అడిగిన వాటిలో అన్యాయమైనది ఒక్కటీ లేదు. "మూడు నిమిషాల వీడియో" అన్న మాటలో అవేవీ లేవని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను.

నిమిషాలతో కొలవకండి

వీడియోకి కౌంట్ నిమిషాలు కాదు. ఒక డాక్టరును కుర్చీలో కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడించిన వీడియోని ఒకటిన్నర రోజులో పూర్తి చేయొచ్చు. 30 సెకన్ల నగల షాపు యాడ్‌కి వారం పట్టొచ్చు. నిమిషానికి ఇంత అని రేటు చెప్పారంటే ఆ డాక్టరు దగ్గర ఎక్కువ తీసుకుంటారు, నగల షాపు దగ్గర మునిగిపోతారు.

అసలు కౌంట్ వేరే చోట ఉంది. ఎన్ని రోజులు తీయాలి, ఎన్ని ఊళ్లు తిరగాలి, తెర మీద ఎవరెవరు కనిపించాలి, మాట ఎవరిది, చివరికి ఎన్ని ఫైళ్లు ఇవ్వాలి, అడ్డంగానా నిలువుగానా, సబ్‌టైటిల్స్ ఉంటాయా, వీడియో ఎక్కడ వేస్తారు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది: బాగుంది, బాలేదు అని చెప్పే మనిషి ఎవరు? మన జిల్లాల్లో వ్యాపారాలు చాలావరకు కుటుంబాల చేతిలో ఉంటాయి. పని అప్పజెప్పేది పెద్దబ్బాయి, డబ్బులిచ్చేది నాన్న, ఆఖరి రోజు చూసి పెదవి విరిచేది హైదరాబాద్‌లో ఉండే అల్లుడు. అందుకే నేను మొదటి రోజే అడుగుతాను: "సార్, మార్పులు చెప్పేది మీ ఇంట్లో ఒక్కరే ఉండాలి. ఎవరు చెబుతారు?" ఆ ఒక్కరి పేరు వాట్సాప్‌లో రాయించుకుంటాను.

వీడియో ఎక్కడ వేస్తారన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. యూట్యూబ్‌కి అనుకున్నది తర్వాత సినిమా హాల్లో ఇంటర్వెల్ యాడ్‌గా వేస్తామంటే కథే మారిపోతుంది. హాల్లో వేసే యాడ్‌కి సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ కావాలి. ఫైలును థియేటర్ ప్రొజెక్టర్‌కి సరిపడే డీసీపీ ఫార్మాట్‌లోకి మార్చాలి. యూట్యూబ్‌లో సరిపోయిన ఆడియో మిక్స్ అక్కడ సరిపోదు. అది వేరే పని, వేరే బిల్లు.

రోజు కూలీ ఎంతో ముందు తేల్చుకోండి

చాలామంది పక్క స్టూడియోవాడు ఎంత తీసుకుంటున్నాడో చూసి, అందులో ఒక వెయ్యి తగ్గించి చెబుతారు. ఆ పక్కవాడు నష్టంలో ఉన్నాడేమో మనకేం తెలుసు? రోజు రేటు మన ఇంటి లెక్క నుంచి రావాలి.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. ఇల్లు నడవడానికి నెలకు 40 వేలు కావాలనుకుందాం. ఏడాదికి 4,80,000. కెమెరా, లెన్సులు, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పరికరం), మైకులు కలిపి 3 లక్షల సామాను, నాలుగేళ్లలో పాతబడిపోతుందనుకుంటే ఏడాదికి 75 వేలు దాని మీద పక్కన పెట్టాలి. సాఫ్ట్‌వేర్, హార్డ్ డిస్కులు, ఇంటర్నెట్, కరెంటు, రిపేర్లు, బండి కలిపి ఇంకో 85 వేలు. మొత్తం 6,40,000.

దీన్ని 365తో భాగించడం పెద్ద పొరపాటు. 300తో భాగించినా పొరపాటే. ఆషాఢం ఉంది, మూఢాలున్నాయి, వానాకాలం ఉంది. పని కోసం తిరిగే రోజులు, కొటేషన్లు రాసే రోజులు, డబ్బుల కోసం ఫోన్లు చేసే రోజులు ఉన్నాయి. వీటికి ఎవరూ డబ్బులివ్వరు. షూట్, ఎడిట్ కలిపి డబ్బులొచ్చే రోజులు ఏడాదికి 120 అనుకుంటే రోజుకు 5,300 పైచిలుకు వస్తుంది. పిల్లల చదువుకో, కొత్త కెమెరాకో ఇంకో 20 శాతం కలిపితే 6,400. రౌండుగా 6,500.

మీ అంకె వేరేగా రావచ్చు. అమ్మానాన్నలతో సొంత ఇంట్లో ఉంటే తక్కువ రావచ్చు, బ్యాంకు లోన్ ఉంటే ఎక్కువ రావచ్చు. ఏదైనా సరే, ఒకసారి వేసి కాగితం మీద పెట్టుకోండి. ఆ కాగితం జేబులో ఉంటే బేరం దగ్గర గొంతు తడబడదు.

ఇప్పుడు ఆ మేత డీలరు వీడియోకే మళ్లీ లెక్క కడదాం. చెరువు చూసి రావడం, రైతుతో మాట్లాడటం, స్క్రిప్టు: ఒకటిన్నర రోజు. షూట్ రెండు రోజులు. ఎడిట్ నాలుగు రోజులు. మార్పులకు ఒక రోజు. ఎనిమిదిన్నర రోజులు, 6,500 చొప్పున 55,250. అసిస్టెంటుకు రెండు రోజులకు 3,000, డ్రోన్ మనిషికి 8,000, లైట్లు, మైకు అద్దె 2,500, కారు, తిండి 5,500, గొంతు ఇచ్చే ఆర్టిస్టుకు 4,000, మ్యూజిక్ లైసెన్సు 2,000. ఇవి 25,000. మొత్తం 80,250. అనుకోని ఖర్చుకి పది శాతం కలిపితే 88 వేలు దాటుతుంది. అప్పట్లో నేను చెప్పింది 25.

"88 వేలా? నా దగ్గర 35కి మించి లేదు" అంటే ఏం చేయాలి? ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. అంత పనీ ఉంచి రేటు తగ్గిస్తారు. నేను రేటు ముట్టుకోను, పని తగ్గిస్తాను. డ్రోన్ వద్దు. ఒక్క రోజు షూట్, ఒక్క చెరువు. ఆర్టిస్టు గొంతు బదులు రైతు మాటలే. మూడు నిమిషాలు కాదు, తొంభై సెకన్లు. మార్పులు ఒక్కసారే. అప్పుడు నా పని నాలుగు రోజులు, 26,000. అసిస్టెంటుకు 1,500, కారుకు 2,000, మ్యూజిక్‌కు 1,000. మొత్తం 30,500, పది శాతంతో 33,500 చిల్లర. ఈ రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూపిస్తే క్లయింటుకు డబ్బు ఎక్కడికి పోతుందో కంటికి కనిపిస్తుంది. నా అనుభవంలో చాలామంది మూడో దారి వాళ్లే చెబుతారు: "డ్రోన్ ఉంచు, ఆర్టిస్టును తీసెయ్." అప్పటిదాకా బేరమాడిన మనిషి అక్కడి నుంచి మనతో కలిసి లెక్క వేస్తాడు.

డ్రోన్ గురించి ఒక మాట. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని వ్యాపార పనికి ఎగరేయాలంటే ఎగరేసే మనిషికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ అనుమతి కావాలో చెప్పే గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లు మ్యాపులో చూసుకోవాలి. తీరం వెంట పోర్టులూ ఇతర ముఖ్యమైన స్థలాలూ ఉన్న జిల్లా మనది. కాగితాలు లేని కుర్రాడు రెండు వేలకే ఎగరేస్తానన్నాడని పిలిస్తే, పోలీసు స్టేషన్‌లో కూర్చునేది క్లయింటు కన్నా ముందు మనమే.

నల్లరాయి ముందు ఒక పూట

చూడ్డానికి ఒకేలా ఉన్న షూట్ అయినా ఒక పనికి ఎక్కువ, ఇంకో పనికి తక్కువ ఎందుకు తీసుకుంటామో చాలామందికి అర్థం కాదు. చీమకుర్తి గ్రానైట్ దీనికి మంచి ఉదాహరణ. ఒంగోలు పక్కనే దొరికే బ్లాక్ గెలాక్సీ రాయి లోకమంతా పోతుంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, రాత్రి ఆకాశంలా. కొనేవాళ్లు వీడియోలో చూడాలనుకునేది ఆ చుక్కలే.

పాలిష్ చేసిన ఆ పలక ముందు కెమెరా పెడితే మొదట కనిపించేది కెమెరా, నేను, నా తెల్ల చొక్కా, వెనకాల క్రేను. పలక నల్లటి అద్దం. లెన్సుకి పోలరైజర్ తగిలించి తిప్పితే ప్రతిబింబం కొంత చచ్చిపోతుంది, అదీ ఒక కోణంలోనే. లైటు నేరుగా వేస్తే రాయి మీద ఒక తెల్ల మచ్చ, మిగతాదంతా మసి. లైటు ముందు పెద్ద తెల్లగుడ్డ కట్టి, దాన్ని అంగుళం అంగుళం జరుపుతూ పోతే, ఒక చోట చుక్కలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. ఇంకో అంగుళం జరిపితే మాయం. కెమెరా చుట్టూ, ఎదురుగా నల్లగుడ్డలు కట్టాలి. మేమూ నల్ల చొక్కాలేసుకోవాలి. ఎనిమిది సెకన్ల షాట్‌కి ఒక పూట పోయింది. బట్టల షాపులో ఆ పూటలో నలభై షాట్లు తీయొచ్చు.

కాబట్టి "అక్కడ రోజుకు ఇంతే తీసుకున్నావుగా" అన్నప్పుడు, రోజు రేటు మారలేదని, రోజులు పెరిగాయని, ఇద్దరు మనుషులు, నాలుగు లైట్లు ఎక్కువయ్యాయని విడమరిచి చెప్పాలి.

గ్రానైట్ ఎగుమతి చేసే ఆయనకు ఆ వీడియో ఒక్క కంటైనర్ ఆర్డరు తెచ్చినా వచ్చే లాభం మన బిల్లుకు ఎన్నో రెట్లు. మరి రేటు ఆయన లాభాన్ని బట్టి ఉండాలా, మన కష్టాన్ని బట్టి ఉండాలా? నా మాట: మన రోజు లెక్క కింది హద్దు, దాని కిందికి ఎవరికీ చేయకూడదు. క్లయింటుకు ఒనగూడే విలువ పై హద్దు. ఎక్కువ దేశాల్లో, ఎక్కువ కాలం వాడుకుంటారంటే, ఆ రెండింటి మధ్య పైకి జరగడంలో మోసం ఏమీ లేదు. దాచకుండా చెప్పాలంతే.

"చిన్న మార్పే కదా"

ఈ మాట అనేవాళ్లకు ఎడిటింగ్ టేబుల్ మీద ఏం జరుగుతుందో చూపించాలని నాకు ఎప్పుడూ ఉంటుంది. మూడు నిమిషాల వీడియోలో మొదటి నిమిషంలో ఉన్న నాలుగు సెకన్ల షాట్ తీసేయమన్నారనుకోండి. తీసేశాను. దాని మీద నడుస్తున్న గొంతు సగంలో తెగింది. ఆ వాక్యం మళ్లీ చెప్పించాలి, ఆర్టిస్టు ఈ రోజు దొరకదు. దొరికినా ఆ రోజు గొంతూ ఈ రోజు గొంతూ అతకవు కాబట్టి పేరా అంతా చెప్పించాలి. తర్వాత ఉన్న ప్రతి షాటూ నాలుగు సెకన్లు ముందుకు జరిగింది, మ్యూజిక్‌లో దరువు పడే చోట షాటు మారాలని కట్టిన లెక్కంతా తప్పింది. సబ్‌టైటిల్స్ జరిగాయి. సరిచేసి, మళ్లీ రెండర్ పెట్టి, అప్‌లోడ్ చేసేసరికి చీకటి పడింది.

అందుకని దిద్దుబాటుకూ మార్పుకూ తేడా ముందే చెబుతాను. పేరులో అక్షరం తప్పు, ఫోన్ నంబరు తప్పు, మాట సరిగా వినిపించడం లేదు, ఇవి దిద్దుబాట్లు. నా బాధ్యత, ఎన్నిసార్లయినా ఉచితం. స్క్రిప్టులో లేనిది చేర్చడం, ఒప్పుకున్న క్రమం మార్చడం, కొత్త షాట్లు అడగడం మార్పులు. రెండు విడతలు రేటులోనే ఉంటాయి, మూడో విడత నుంచి సగం రోజు కూలీ. చెప్పాల్సినవన్నీ ఒకేసారి, వీడియోలో ఏ నిమిషం దగ్గరో రాసి పంపాలి. రాత్రి పదకొండింటికి ఒక వాయిస్ మెసేజ్, పొద్దున ఇంకోటి లెక్కలోకి రావు. గొంతు రికార్డు చేయకముందే కట్ (ఎడిట్ చేసిన రూపం) చూపించి "ఇది ఖాయం" అనిపించుకుంటే సగం టెన్షన్ పోతుంది.

స్క్రిప్టు కాగితం మీద ఉండటం కూడా దీనికే. కాగితం మీద ఒక వాక్యం కొట్టేయడానికి పెన్ను చాలు. ఆ మేత బస్తా సంగతి స్క్రిప్టు రోజునే మేనేజరుకు పంపి ఉంటే, ఒక్క ఫోన్‌తో తేలిపోయేది.

వాన, ఎండ, వాయిదా

రాష్ట్రంలో మిగతా చోట్ల వానలు తగ్గే వేళకు మన తీరానికి వాయుగుండాలు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బయట షూట్ ఒప్పుకుంటే ఇంకో తేదీ కూడా ముందే రాసుకోండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బయట 4K నాణ్యతలో రికార్డింగ్ పెడితే కెమెరా వేడెక్కి ఆగిపోతుంది. మూడు గంటలు నీడలో కూర్చోవాలి, కాబట్టి ఒక రోజు పని రెండు పొద్దులవుతుంది. నెల్లూరులో రొట్టెల పండుగ రోజుల్లో బయటి నుంచి మనుషుల్ని పిలిపిస్తే గది దొరకదు.

వాయిదాకి నా లెక్క ఇది. రెండు రోజుల ముందు చెబితే ఏమీ లేదు. ఆ తర్వాత చెబితే సగం రోజు కూలీ, అప్పటికే కట్టిన అద్దెలు పూర్తిగా. తుపాను వస్తే అద్దెలు మాత్రమే. గట్టు మీద కూర్చుని ఎదురుచూసిన రోజుకీ సగం కూలీ. మొదటిసారి చెప్పినప్పుడు నాకే మొహమాటం వేసింది. ఆక్వా రైతు మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. లారీ ఆగినా బాడుగ కట్టే మనిషికి వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు చేతికి వచ్చే దారి

తేదీ ఖాయం చేయడానికి సగం అడ్వాన్సు. మొదటి కట్ చూపించాక 30 శాతం. మిగతా 20 వచ్చాక వాటర్‌మార్క్ లేని ఫైలు. తెలిసినవాళ్లయినా, బంధువులైనా ఇంతే. బంధువుకు తగ్గించాలనిపిస్తే బిల్లులో పూర్తి రేటు వేసి, కింద తగ్గింపు అని చూపించండి. ఆయన ఇంకొకరికి చెప్పేటప్పుడు అసలు రేటు చెబుతాడు.

నోటి మాట ఒప్పందం చట్టం ముందు చెల్లుతుంది, కానీ రుజువు చేయడం కష్టం. పెద్ద కాగితం అక్కర్లేదు. ఏం తీస్తాను, ఎన్ని రోజులు, ఏ ఫైళ్లు ఇస్తాను, ఎన్ని విడతల మార్పులు, ఏవి ఇందులో లేవు, డబ్బు ఎప్పుడెప్పుడు. ఈ ఆరూ వాట్సాప్‌లో రాసి "సరే అని రిప్లై పెట్టండి, తేదీ వేసుకుంటాను" అంటే చాలు. వీటిలో "ఏవి లేవు" అన్నది ఎప్పుడూ వదలకండి.

కంపెనీలు టీడీఎస్ (బిల్లులోంచి ముందే తీసే ఆదాయ పన్ను) కోసుకుని ఇస్తే కంగారు పడొద్దు. అది మన పాన్ మీద ప్రభుత్వానికి కట్టిన డబ్బు, రిటర్ను వేస్తే లెక్కలోకి వస్తుంది. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పనిసరి, మన పనికి 18 శాతం. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వేయకూడదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, పని మొదలుపెట్టకముందే చేయించుకోండి. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు డబ్బు ఇవ్వడానికి రాతలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు మించకూడదు, ఏ రాతా లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఒక సంస్థ అయిదు నెలలు నా బిల్లు తొక్కిపెట్టినప్పుడు ఈ చట్టం గుర్తు చేస్తూ మర్యాదగా ఒక మెయిల్ పెట్టాను. పది రోజుల్లో డబ్బు పడింది.

ఆఖరుగా తీసిన ఫుటేజీ సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి ఎవరైనా సినిమా లేదా వీడియో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు ఆ తీయించుకున్న మనిషే. మీ పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవాలన్నా ముందే రాసుకోవాలి. ఎడిట్ చేయని ఫుటేజీ ఇస్తారా లేదా అన్నదీ అంతే. గ్రానైట్‌లో బ్లాకు రేటు వేరు, పాలిష్ పలక రేటు వేరు. పలక కొన్నవాడికి బ్లాకు ఊరికే రాదు.

దాచడానికీ ఖర్చుంది. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలతో రోజుకు నాలుగేసి గంటలు తీస్తే 360 జీబీ, రెండు కాపీలు పెడితే 720. ఒకప్పుడు అన్నీ ఉంచేవాణ్ని. అల్మరా నిండా డిస్కులు, ఏది ఎక్కడుందో తెలిసేది కాదు. ఇప్పుడు బిల్లు కింద ఒక లైను ఉంటుంది: ఫుటేజీ 90 రోజులు నా దగ్గర ఉంటుంది, కావాలంటే డిస్కు ఖర్చు, కాపీ చేసే పూట కూలీ ఇస్తే అందజేస్తాను. 80వ రోజున మళ్లీ ఒక మెసేజ్ పెడతాను. ఆ మేత డీలరు ఈ మధ్య ఇంకో వీడియో చేయించుకున్నాడు. 80వ రోజు మెసేజ్ చూసి, డిస్కు ఆయనే కొని పంపించాడు. బస్తా డిజైన్ మళ్లీ మారబోతోందట, పాత షాట్లలో ఏవి పనికొస్తాయో చూసుకుంటానన్నాడు.